అమ్మానాన్నల తొలి అమెరికా ప్రయాణం: పాస్‌పోర్టులో పేరు నుంచి పచ్చడి ప్యాకింగ్ దాకా

దరఖాస్తు నింపేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అబ్బాయి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది మాత్రం గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మానాన్నలు. తొలిసారి వెళ్ళేవాళ్ళకు వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. దరఖాస్తులో ఏం రాశారో, ఏ మాత్ర దేనికి వేసుకుంటున్నారో, పెట్టెలో ఏం సర్దారో అడిగినప్పుడు వాళ్ళు తెల్లబోతారు. తెలిసినవాడు సముద్రాల అవతల నిద్రపోతుంటాడు. అందుకే కింద చెప్పిన ప్రతి పనీ ప్రయాణం చేసేవాళ్ళు తమ చేత్తో చేసుకోవాలి, కుదరకపోతే కనీసం కళ్ళతో చూసుకోవాలి. ఇది బీ1/బీ2 విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రుల కోసం.

ముందు పేరు సంగతి

మన పేర్లతో వచ్చే తంటా అంతా ఇంతా కాదు. ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పొడి అక్షరాలు. ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో ఒకచోట కేఎస్‌హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాస్తారు. వీటన్నిటిలో లెక్కకు వచ్చేది పాస్‌పోర్టు ఒక్కటే. వీసా, టికెట్, ఇన్సూరెన్స్ మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, ఉన్న వరుసలోనే రావాలి. ఇంటిపేరు ఏ గడిలో ఉంది, అసలు పేరు ఏ గడిలో ఉంది అని పాస్‌పోర్టు తెరిచి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా దరఖాస్తులో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో రాసి, రెండో గడిలో ఎఫ్ఎన్‌యూ అని రాయాలి. ‘మొదటి పేరు తెలియదు’ అని దానర్థం. వీసా మీద కూడా అలాగే అచ్చవుతుంది. అది చూసి కంగారు పడకండి. కానీ ఆ తర్వాత టికెట్ కొనేటప్పుడు ఏ గడిలో ఏం రాయాలో విమానసంస్థను అడిగి రాయించుకోండి. వ్యవధి ఉంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకుని, ఆ తర్వాతే వీసాకు వెళ్ళడం మేలు.

పాస్‌పోర్టు గడువు ఏడాదిలోపే ఉంటే ముందు రెన్యువల్ చేయించండి. అక్కడ ఉండే కాలం పోగా ఇంకో ఆరు నెలలు మిగిలేలా చూసుకుంటే ఏ దారిలో వెళ్ళినా ఇబ్బంది ఉండదు. వీసా వచ్చాక పాస్‌పోర్టు గడువు తీరినా, పాత పుస్తకంలోని వీసా దాని తేదీ వరకు చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ వెంట తీసుకెళ్ళాలి. పాతది రద్దయింది కదా అని బీరువాలో వదిలేసి విమానాశ్రయం దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి రావాల్సి వస్తుంది.

డీఎస్-160 దరఖాస్తు

ఇది ఆన్‌లైన్ ఫారం. భార్యకు ఒకటి, భర్తకు ఒకటి. తెరవగానే వచ్చే అప్లికేషన్ ఐడీని కాగితం మీద రాసుకోండి. 20 నిమిషాలు ఏమీ నొక్కకుండా వదిలేస్తే పేజీ మూసుకుపోతుంది, దాచుకోని సమాధానాలు పోతాయి. అందుకే ప్రతి పేజీ చివర సేవ్ చేయాలి. ఫొటో రెండు అంగుళాల చదరం, తెల్లటి నేపథ్యం, ఆరు నెలల లోపు తీసినది. కళ్ళజోడు పెట్టుకుని దిగకూడదు. పెళ్ళి ఆల్బమ్‌లోంచి కత్తిరించిన ఫొటో, గోడ మీద నీడ పడిన ఫొటో తిప్పికొడతారు.

పిల్లలు ఫారం నింపేముందు ఒక రాత్రి ఫోన్లో కూర్చుని అమ్మానాన్నలను అడగాల్సినవి ఇవి: ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు. గత ఐదేళ్ళలో వెళ్ళిన దేశాలు (కాశీ యాత్రలో నేపాల్ వెళ్ళి ఉంటే అదీ లెక్కే). గత ఐదేళ్ళలో వాడిన ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు, ఫేస్‌బుక్ లాంటి ఖాతాలు. పాత ఉద్యోగాల వివరాలు, విరమణ తేదీ. ‘మాతృభాష లిపిలో పేరు’ అన్న గడిలో తెలుగులోనే రాయొచ్చు.

మూడు ప్రశ్నల దగ్గర మరీ జాగ్రత్త. ఎప్పుడైనా వీసా తిరస్కరించారా? ఇరవై ఏళ్ళ కిందటిదైనా ‘అవును’ అనే రాయాలి. అమెరికాలో దగ్గరి బంధువులు ఉన్నారా, వాళ్ళ హోదా ఏమిటి? హెచ్-1బీ, గ్రీన్‌కార్డు, పౌరసత్వం, ఏది నిజమైతే అది. మీ తరఫున ఎవరైనా ఇమిగ్రేషన్ పిటిషన్ వేశారా? అమ్మాయి పౌరసత్వం తీసుకుని మీకు గ్రీన్‌కార్డు కోసం వేసి ఉంటే అదీ చెప్పాల్సిందే. నిజం వల్ల వీసా ఒకసారి రాకపోవచ్చు. అబద్ధం బయటపడితే మాత్రం జీవితాంతం ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం పడగలదు. ‘మేం చూసుకుంటాం, బ్యాంకు స్టేట్‌మెంట్ తయారుచేసి ఇస్తాం’ అనే ఏజెంట్ల దగ్గరికి పోవద్దు. సంతకం మీది, శిక్ష మీది.

ఫారం పంపాక వచ్చే ధ్రువీకరణ పేజీ మీద బార్‌కోడ్ నంబరు ఉంటుంది. అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడు ఇచ్చిన నంబరూ, ఆ రోజు చేతిలో ఉన్న కాగితం మీది నంబరూ ఒకటే అయి ఉండాలి. తప్పు దిద్దడానికి కొత్త ఫారం పంపి, పాత నంబరుతోనే అపాయింట్‌మెంట్ ఉంచేసుకుంటే గేటు దగ్గర ఆపేస్తారు.

రుసుము మనిషికి 185 డాలర్లు. వీసా రాకపోయినా తిరిగి రాదు. రుసుములు మారుతుంటాయి, కట్టే రోజున అధికారిక వెబ్‌సైటులో చూసుకోండి. స్లాట్లు ఒక్కోసారి నెలల తరబడి దొరకవు. అందుకని మనవడి బారసాలకో, అమ్మాయి పురుటికో వెళ్ళాలనుకుంటే కబురు తెలిసిన వారంలోనే మొదలుపెట్టండి. వీసా చేతికి రాకముందు టికెట్ కొనవద్దు. భార్యాభర్తలిద్దరినీ ఒకే గ్రూపులో బుక్ చేస్తే ఒకే కిటికీ దగ్గర ఇద్దరూ కలిసి నిలబడొచ్చు. ఒకరు తడబడితే ఇంకొకరు అందుకుంటారు.

రెండు రోజుల పని: వేలిముద్రలు, ఇంటర్వ్యూ

హైదరాబాద్‌లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఉంది. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో, ఇంకో రోజు. రెండూ ఒకచోటే అనుకుని మొదటి రోజే నానక్‌రామ్‌గూడకు పోయేవాళ్ళున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు రెండు రాత్రులు ఉండేలా ఏర్పాటు చేసుకోండి. వేళ్ళకు కోతలు, కట్లు లేకుండా చూసుకోండి. కాన్సులేట్ లోపలికి ఫోన్, బ్యాగు, స్మార్ట్ వాచీ రానివ్వరు, దాచిపెట్టే చోటూ ఉండదు. వెంట ఒక మనిషి ఉండాలి.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. తెలుగులో మాట్లాడొచ్చు. రాని ఇంగ్లిష్‌లో బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పేకన్నా వచ్చిన తెలుగులో సూటిగా చెప్పడం ఎంతో నయం. అధికారి మనసులో ఉండే ప్రశ్న ఒకటే: వీళ్ళు తిరిగి వస్తారా? అమెరికా చట్టంలోని 214(బీ) ప్రకారం, వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ముందుగా అనుకుంటారు. కాదని నమ్మించాల్సిన బాధ్యత మీది. కాబట్టి ఈ నాలుగు సంగతులు ఇద్దరికీ నోటికి రావాలి: పిల్లలు ఏ ఊళ్ళో, ఏ కంపెనీలో, ఏ పని మీద, ఏ వీసాతో ఉన్నారు; మీరు ఎన్నాళ్ళు ఉంటారు, ఎందుకు అన్నాళ్ళు; ఖర్చు ఎవరిది; ఇక్కడ మీకేం ఉంది. చివరిదానికి పెన్షన్, పొలం, ఇల్లు, నడుస్తున్న దుకాణం, ఇక్కడే ఉన్న ఇంకో కొడుకు, వయసుమళ్ళిన తల్లి, ఏది నిజమైతే అది చెప్పండి. ‘అమ్మాయి కాన్పుకు తోడుగా వెళ్తున్నాం, నాలుగు నెలలుండి వస్తాం’ అనేది దాచాల్సిన విషయం కాదు. కూతురికి పురుడు పోయడం ఉద్యోగం కాదు. అక్కడ డబ్బు తీసుకుని ఏ పనీ చేయకూడదు, అంతే.

ఫైలులో పిల్లల ఉద్యోగ ధ్రువపత్రం, పే స్లిప్పులు, వీసా కాపీ, మీ పెన్షన్ పత్రం, ఆస్తి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టుకోండి. అడిగితేనే తీయండి. చాలాసార్లు అడగరు. అడగకుండా కట్ట విప్పితే ఉన్న రెండు నిమిషాలూ అందులోనే పోతాయి. తిరస్కరిస్తే అప్పీలు ఉండదు. మళ్ళీ రుసుము కట్టి మళ్ళీ వెళ్ళొచ్చు. కానీ వారంలోపే అవే జవాబులతో వెళితే అదే ఫలితం వస్తుంది.

టికెట్

తక్కువ ధర చూసి మూడు విమానాలు మారే టికెట్ కొనవద్దు. శంషాబాద్ నుంచి ఒకే ఒక్క మార్పుతో పిల్లల ఊరికి, లేదా దానికి దగ్గరి పెద్ద ఊరికి చేరేది వెతకండి. అక్కడి నుంచి పిల్లలు కారులో తీసుకెళ్తారు. అమెరికాలోనే విమానం మారాల్సి వస్తే, దిగిన మొదటి ఊళ్ళోనే ఇమిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు మీరే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ బెల్టు మీద వేయాలి. దానికి మూడు గంటలకు తగ్గకుండా వ్యవధి ఉండాలి. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. ఇంగ్లిష్ ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఇది హాయి, అయితే అక్కడ కూడా మూడు గంటలు ఉండేలా చూసుకోండి. రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండో విమానసంస్థకు బాధ్యత ఉండదు. ఒకే బుకింగ్ ఉండాలి.

మోకాళ్ళ నొప్పులున్నా, పెద్ద విమానాశ్రయంలో దూరం నడవలేకపోయినా వీల్‌చైర్ సాయం టికెట్ కొనేటప్పుడే అడగండి. దానికి వేరే డబ్బు ఉండదు. ప్రతి మజిలీకీ నమోదైందో లేదో ప్రయాణానికి రెండు రోజుల ముందు సరిచూసుకోండి. శంషాబాద్‌లో ఉండి మధ్యలో లేకపోతే ఉపయోగం లేదు. భోజనం కూడా ముందే చెప్పాలి: మన శాకాహారానికి ఏవీఎంఎల్, మాంసాహారం తింటూ గొడ్డు మాంసం వద్దనుకునేవాళ్ళకు హెచ్ఎన్ఎంఎల్, షుగర్ ఉన్నవాళ్ళకు డీబీఎంఎల్ అనే కోడ్‌లు ఉంటాయి. కనీసం 24 గంటల ముందు, వీలైతే ఇంకా ముందే చెప్పాలి.

కాలం సంగతి. చికాగో, న్యూజెర్సీ వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా పెద్దవాళ్ళు గడప దాటలేరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్తే పార్కుకు నడిచి వెళ్ళి నలుగురిని కలవగలుగుతారు. కారు నడపలేని మనిషి మంచులో ఇంట్లో ఒక్కడే కూర్చోవడం ఎంత కష్టమో వెళ్ళేదాకా తెలియదు.

ఇన్సూరెన్స్

అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టించగలదు. విజిటర్లకు ప్రభుత్వ వైద్యం వర్తించదు. పాలసీల్లో రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్: గదికి రోజుకింత, ఎమర్జెన్సీకి ఇంత అని లెక్క రాసి ఉంటుంది, బిల్లు ఎంతైనా అంతే ఇస్తారు. ప్రీమియం తక్కువ. పెద్దవాళ్ళకు ఇది పనికిరాదు. రెండోది కాంప్రహెన్సివ్: ముందు డిడక్టిబుల్ అనే కొంత మొత్తం మీరు కడతారు, ఆ తర్వాత బిల్లులో పెద్ద భాగం వాళ్ళు కడతారు. ఉదాహరణకు డిడక్టిబుల్ 250 డాలర్లు, ఆ పైన మొదటి 5,000 డాలర్లలో 20 శాతం మీది, తర్వాతంతా వాళ్ళది అని ఉందనుకోండి. 40,000 డాలర్ల బిల్లు వస్తే మీ చేతినుంచి పోయేది 250, దాని మీద 1,000, మొత్తం 1,250 డాలర్లు. అదే ఫిక్స్‌డ్ పాలసీలో మిగతా వేలన్నీ అబ్బాయి మెడకు చుట్టుకుంటాయి.

బీపీ, షుగర్, గుండె జబ్బు ముందే ఉన్నవాళ్ళు పాలసీలో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే మాట కోసం వెతకాలి. ఉన్న జబ్బు హఠాత్తుగా తిరగబడితే చేసే అత్యవసర చికిత్సకు మాత్రమే అది వర్తిస్తుంది. మామూలు చెకప్పులకు, మందులకు కాదు. ఎన్నేళ్ళ వయసు వరకు, ఎంత మొత్తం వరకు అన్నది కూడా చదవండి, 70 దాటితే చాలా పాలసీల్లో ఇది తగ్గిపోతుంది. ఉన్న జబ్బును దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ రోజున ఆసుపత్రి రికార్డే మిమ్మల్ని పట్టిస్తుంది.

పన్ను పీకించడం, శుక్లాల ఆపరేషన్, కళ్ళజోడు మార్చడం లాంటివి ఇక్కడే చేయించుకోండి. మామూలు పంటి పనులు సాధారణంగా విజిటర్ పాలసీల్లో రావు. రెండో కళ్ళజోడు తప్పక పెట్టుకోండి.

మందులు

రెండు వారాల ముందు మీ డాక్టరును కలిసి ఇంగ్లిష్‌లో, అర్థమయ్యే అక్షరాలతో చీటీ రాయించుకోండి. అందులో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు ఉండాలి: టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, లెవోథైరాక్సిన్ ఇలా, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని అని. మన దుకాణాల్లోని పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. పారాసిటమాల్‌ను కూడా అక్కడ అసిటమినోఫెన్ అంటారు. అది తెలియక రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. నిమెసులైడ్ అక్కడ అనుమతి పొందిన మందు కాదు, ఇంట్లోనే వదిలేయండి.

మూడు నెలలకు మించకుండా తీసుకెళ్ళడం అక్కడ సాధారణంగా ఒప్పుకునే లెక్క. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో పోయవద్దు. ఎక్కువ రోజులుండేవాళ్ళు మిగతావి డాక్టరు చీటీ, వీసా, పాస్‌పోర్టు కాపీలతో తర్వాత తెప్పించుకోవచ్చు. దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళు ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు పెట్టుకోవద్దు, అక్కడ వాటికి ముందస్తు అనుమతి కావాలి. మీకవి తప్పనిసరైతే డాక్టరుతో మాట్లాడి దారి మార్చుకోండి.

మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చిందంటే బీపీ మాత్ర లేకుండా పోతుంది. ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యం: కింది సరుకు అరలో గడ్డకడితే పనిచేయదు, కరిగినా పనికిరాదు. షుగర్ మాత్ర భోజనానికి ముందు వేసుకునేవాళ్ళు గడియారం చూసి వేసుకోకండి, ట్రే మీ ముందుకు వచ్చాకే వేసుకోండి. విమానం ఊగుతుంటే భోజనం గంట ఆలస్యం కావచ్చు. నాలుగు బిస్కట్లు, చిన్న బెల్లం ముక్క జేబులో ఉంచుకోండి. ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు కాలమానం మారే రోజు మోతాదు ఎలా అని డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి. మన పగలు వాళ్ళ రాత్రి: ఎండాకాలంలో న్యూజెర్సీ మనకన్నా 9.30 గంటలు, డల్లాస్ 10.30 గంటలు వెనక. చలికాలంలో ఇంకో గంట కలపండి.

రెండు గంటలకోసారి లేచి నడవండి, కూర్చునే పాదాలు ఆడించండి. బాత్రూముకు లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసే అలవాటు మన ఆడవాళ్ళలో ఉంది. కాళ్ళలో రక్తం గడ్డకట్టడానికి అదీ ఒక కారణం. నడవా పక్క సీటు అడిగి తీసుకోండి.

పెట్టె, పచ్చడి

అమెరికా వెళ్ళే చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతి సంచి 7 లేక 8 కిలోలు. మీ టికెట్ మీద రాసింది చూసుకోండి. ఖాళీ పెట్టే నాలుగు కిలోలు ఉంటుంది, మిగిలేది 19. కొక్కెం తగిలించి పైకెత్తే చిన్న తూకం యంత్రం కొనుక్కుని 22 దగ్గర ఆపేయండి, ఇంటి తూకానికీ కౌంటర్ తూకానికీ తేడా రావచ్చు. భార్య బట్టలు సగం భర్త పెట్టెలో, భర్తవి సగం భార్య పెట్టెలో సర్దండి. ఒకటి తప్పిపోయినా ఇద్దరికీ కట్టుకోవడానికి ఉంటాయి.

పచ్చడి పెద్ద పెట్టెలోనే వెళ్ళాలి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు, జారుడు పదార్థాలు రానివ్వరు. పచ్చడి, తేనె ఆ లెక్కలోకే వస్తాయి. కారప్పొడి, ఇతర పొడులు కూడా పెద్ద పెట్టెలోకే. అప్పుడే కలిపిన ఆవకాయ తీసుకెళ్ళకండి. మూడో రోజు తిరగ కలిపి, రెండు వారాలు ఊరాక నూనె తేలి కుదురుకుంటుంది. పైన విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నిండుగా నింపిన డబ్బా మూత ఉబ్బి నూనె కక్కుతుంది. పద్ధతి ఇది: గాజు సీసా వద్దు, మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. పైన రెండు వేళ్ళ ఎడం వదలండి. మూత కింద పాలిథిన్ కాగితం పరిచి బిగించండి, మూత చుట్టూ టేపు వేయండి. దాన్ని జిప్ కవరులో, ఆ కవరును ఇంకో కవరులో తలకిందులుగా పెట్టి, పాత తువ్వాలుతో చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ నిలబెట్టండి. అరకిలో డబ్బాలు నాలుగు, రెండు కిలోల డబ్బా ఒకటి కన్నా మేలు. ఒకటి కారినా మూడు మిగులుతాయి. ప్రతి డబ్బా మీద ఇంగ్లిష్‌లో పేరు, దేంతో చేశారో రాసి అంటించండి: ‘మామిడికాయ పచ్చడి, మాంసం లేదు’ అని. రాసి ఉంటే అధికారి రెండు మాటల్లో వదిలేస్తాడు.

తీసుకెళ్ళకూడనివి, ఎందుకో కూడా. మాంసం పచ్చళ్ళు, ఎండు మాంసం: జంతువుల రోగాల భయం. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు: గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల నుంచి వీటిమీద ఆంక్షలున్నాయి, మన దేశం ఆ జాబితాలోదే. అక్కడి ఇండియన్ దుకాణాల్లో నెయ్యి దొరుకుతుంది, మోయడం దండగ. కరివేపాకు, పచ్చిదైనా ఎండినదైనా: అది నిమ్మ, బత్తాయి కుటుంబపు చెట్టు. దాని మీద బతికే పురుగు మోసుకొచ్చే తెగులు ఫ్లోరిడా బత్తాయి తోటలను నాశనం చేసింది, అందుకే అంత పట్టింపు. బియ్యం, శనగలు: ఖప్రా అనే పెంకుపురుగు భయం. తాజా పండ్లు, కూరగాయలు, మామిడిపళ్ళు. గోంగూర, తోటకూర విత్తనాలు, పెరట్లో వేసుకుంటారని ప్రేమగా పొట్లం కట్టి ఇస్తారు, అదీ పట్టేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలు: నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటాయి కాబట్టి విమానంలోకే రానివ్వరు.

గసగసాల గురించి విడిగా చెప్పాలి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు చిటికెడు కూడా పెట్టుకోకూడదు. యూఏఈలో అవి నిషిద్ధ మాదకద్రవ్యం కింద లెక్క. మసాలా పొడిలో కలిపిన గసగసాలకూ ఇది వర్తిస్తుంది.

సున్నుండలు, అరిసెలు, చెక్కలు, జంతికలు, వడియాలు, కంది పొడి, నువ్వుల పొడి మామూలుగా ఇబ్బంది పెట్టవు. అయితే ఏ తిండి వస్తువు ఉన్నా ‘ఉంది’ అని చెప్పి తీరాలి. చెప్పిన వస్తువు కుదరకపోతే చెత్తబుట్టలో వేస్తారు, అంతటితో సరి. చెప్పకుండా దొరికితే మొదటిసారికే 300 డాలర్ల నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ‘ఏమీ లేవు’ అని అలవాటుగా తల ఊపడమే అందరూ చేసే తప్పు.

మిక్సీ తీసుకెళ్ళకండి, అక్కడి కరెంటు 120 వోల్టులు, మన మోటారు సరిగా తిరగదు. ఫోన్ ఛార్జర్ మీద ‘100-240’ అని ఉంటే చాలు, చదునైన పుల్లల ప్లగ్గు అడాప్టర్ ఒకటి తీసుకోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి.

బంగారం ఒంటి మీద ఉన్నంత వరకే మంచిది. ఎక్కువ ఉంటే వెళ్ళేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ‘ఇవి అక్కడ కొన్నవి కావు’ అనడానికి అదే గట్టి రుజువు. దానికోసం గంట ముందుగా బయలుదేరాలి. నోట్ల రూపంలో డాలర్లు ఒక్కొక్కరికి 3,000 దాకా తీసుకెళ్ళొచ్చు, కానీ పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళకు 300 చాలు. కుటుంబం మొత్తం మీద 10,000 డాలర్లు దాటితే అమెరికాలో చెప్పి తీరాలి.

ఇంటిని వదిలే ముందు

పెన్షనర్లు మరిచిపోయేది లైఫ్ సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. రాష్ట్ర పెన్షనర్ల గడువు వేరు, ట్రెజరీలో అడిగి రాసుకోండి. ఆ నెలల్లో అమెరికాలో ఉంటే జీవన్ ప్రమాణ్ ఫోన్ యాప్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. ఆ యాప్‌ను ఇక్కడుండగానే ఫోన్లో వేసుకుని, ఎలా పనిచేస్తుందో మీ బ్యాంకు బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించాలి, తిరిగి వచ్చేదాకా రీఛార్జి ఉండాలి. సిమ్ ఆగిపోతే కరెంటు బిల్లు దగ్గర నుంచి ఫిక్స్‌డ్ డిపాజిట్ దాకా అన్నీ ఆగిపోతాయి. గ్యాస్ రెగ్యులేటర్ తీసేయండి, మోటారు స్విచ్ కట్టేయండి, పాలు, పేపరు ఆపండి. తులసికి నీళ్ళు పోసే మనిషికే తాళం ఇచ్చి వారానికోసారి ఇల్లు చూడమనండి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే తాళం వేసిన ఇళ్ళ నిఘా ఏర్పాటు ఉంది. తెలంగాణలో దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి.

ఆ రోజు, ఆ తర్వాత

ఒక అట్ట ముక్క మీద ఇంగ్లిష్‌లో ఇవి రాసి మెడ సంచిలో పెట్టుకోండి: పిల్లల పేరు, ఇంటి చిరునామా, రెండు ఫోన్ నంబర్లు, విమానం నంబర్లు, మీకున్న జబ్బులు, ఇన్సూరెన్స్ నంబరు. ఫోన్ ఛార్జి అయిపోయిన వేళ ఇదే దిక్కు. ఒకటి భార్య దగ్గర, ఇంకొకటి భర్త దగ్గర. భర్త వెనకే నడిచే అలవాటున్న అమ్మలు సెక్యూరిటీ దగ్గర విడిపోయి బెదిరిపోతారు. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ ఎవరివి వారి చేతిలోనే ఉండాలి.

శంషాబాద్‌కు బయలుదేరే సమయానికి నాలుగు గంటల ముందు చేరండి. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్ళు దారికి ఆరు గంటలు లెక్కేసుకోండి.

అమెరికాలో దిగాక అధికారి మళ్ళీ అడుగుతాడు: ఎందుకొచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్ళు? ఇంటర్వ్యూలో చెప్పిందే చెప్పండి. భాష రాకపోతే ‘తెలుగు’ అని చెప్పండి, అనువాదకుణ్ణి ఏర్పాటు చేస్తారు. అర్థం కాని ప్రశ్నకు మాత్రం ‘యెస్’ అనకండి. తిరుగు టికెట్ కాపీ చేతిలో ఉంచుకోండి.

వీసా పదేళ్ళది కదా అని పదేళ్ళు ఉండొచ్చనుకోవడం పెద్ద పొరపాటు. వీసా తలుపు దాకా రానిస్తుంది. ఎన్నాళ్ళుండాలో ఆ అధికారి నిర్ణయిస్తాడు, సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. ఇల్లు చేరిన మొదటి వారంలోనే పిల్లలు అధికారిక ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టి దాన్ని అచ్చు తీయాలి. పేరు, పుట్టిన తేదీ, గడువు సరిగ్గా ఉన్నాయో లేదో ఇద్దరివీ విడివిడిగా చూడాలి. ఒకరికి ఒక తేదీ, ఇంకొకరికి ఇంకో తేదీ పడిన సందర్భాలున్నాయి. ఆ తేదీ ఒక్క రోజు దాటినా చేతిలో ఉన్న పదేళ్ళ వీసా రద్దయినట్టే. నిజంగా ఇంకొన్నాళ్ళు ఉండాల్సి వస్తే ఆ తేదీకి ముందే గడువు పెంచమని అడిగే ఐ-539 దరఖాస్తు వెళ్ళిపోవాలి. తిరుగు టికెట్ ఆ తేదీకి రెండు మూడు వారాల ముందుకు పెట్టుకోండి, జ్వరం వచ్చినా, విమానం రద్దయినా సర్దుకోవడానికి వీలుంటుంది.